14 సబ్‌గ్రూపుల్లో ఒక్కదాంట్లోనే రిజల్ట్ వచ్చింది, థీసిస్‌లో అదే మెయిన్‌గా రాయొచ్చా?

అనంత_నర్సింగ్:

అందరికీ నమస్తే. నేను అనంతపురంలో ఎమ్మెస్సీ నర్సింగ్ సెకండ్ ఇయర్, కమ్యూనిటీ హెల్త్. నెలాఖరుకి థీసిస్ ఇచ్చేయాల, వారం నుంచి నిద్ర పట్టడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతాండా. కొంచెం పెద్దగా ఉంటాది, ఓపిగ్గా చదవండి.

టాపిక్ గర్భిణీల్లో రక్తహీనత. మొత్తం 160 మంది, చీటీలు తీసి 80, 80 చేసినాము. ఒక సగానికి మామూలుగా సబ్‌సెంటర్లో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలే. ఇంకో సగానికి అవే మాత్రలు, దానికి తోడు వారానికి రెండుసార్లు నేను ఫోన్ చేసి వేసుకున్నారా అని అడగడం, టీ తాగిన వెంటనే వేసుకోవద్దని చెప్పడం, కుదిరితే ఇంట్లో అత్తతోనో అమ్మతోనో ఒక మాట మాట్లాడటం. మూడు నెలలు ఎండలో పల్లెలు తిరిగి చేసినా. చివర్లో హిమోగ్లోబిన్ చూస్తే రెండు వైపులా పెరిగింది, కానీ ఫోన్ చేసినవాళ్లకీ చెయ్యనివాళ్లకీ చెప్పుకునేంత తేడా రాలేదు.

గైడ్‌కి చూపిస్తే సబ్‌గ్రూపులు చేసి చూడు, ఎక్కడో ఒకచోట వస్తాది అన్నారు. సరేనని చేసినా. వయసు, ఎన్నో కాన్పు, చదువు, ఉమ్మడి కుటుంబమా వేరు కాపురమా, చేను పనికి పోతారా లేదా, మొదట్లో హిమోగ్లోబిన్ ఎంత, ఇట్ల విడదీసీ కలిపీ మొత్తం 14 రకాలు అయినాయి. 13 చోట్ల ఏమీ లేదు. ఒక్కచోట, 25 ఏండ్ల లోపు, తొలి కాన్పు, ఉమ్మడి కుటుంబం, ఈ మూడూ కలిసినవాళ్లలో పీ వాల్యూ, అంటే నిజంగా తేడా లేకున్నా ఊరికే ఇంత తేడా కనపడే అవకాశం, 0.03 వచ్చింది. వాళ్లు మొత్తం 19 మంది. ఇప్పుడు హెడ్డింగ్ మార్చి దాన్నే మెయిన్ రిజల్ట్‌గా రాయమంటాండారు. ఉమ్మడి కుటుంబంలో అత్త గుర్తు చేస్తాది కాబట్టి అని కారణం కూడా చెప్పొచ్చంట. వినడానికి బాగానే ఉంది, నాకే మనసు ఒప్పడం లేదు.

ఇంకో డౌట్. మా తమ్ముడు ఎమ్మెస్సీ మ్యాథ్స్, వాడేమో సబ్‌గ్రూప్ అంటే లెక్కల్లో పక్కా రూల్ ఉండాది, నీ ఇష్టం వచ్చినట్టు ముక్కలు చేసి సబ్‌గ్రూప్ అనకూడదు అంటాడు. షుగర్ పేషెంట్లను కంప్యూటరే కొత్త రకాలుగా విడగొట్టిందని మొన్న క్లాసులో చెప్పినారు. ఇవన్నీ ఒకటేనా, వేరేనా? అసలు దేన్నైనా గుంపులుగా విడగొట్టేటప్పుడు ఎవరి రూల్ పాటించాల?


స్టాట్స్_కర్నూలు:

సిస్టర్, మనసు ఒప్పడం లేదన్నారు చూడండి, అదే కరెక్టు. దాన్ని వదలొద్దు.

పీ వాల్యూకి 0.05 అని గీత పెట్టుకున్నామంటే దానర్థం, నిజంగా ఏ తేడా లేకున్నా 20 సార్లలో ఒకసారి తేడా ఉన్నట్టు కనపడినా ఓర్చుకుంటాం అని. ఒక్కసారి చూస్తే ఆ రిస్క్ 5 శాతం, సరే. 14 సార్లు చూస్తే? ఒక్కోసారి మోసపోకుండా ఉండే అవకాశం 0.95, దాన్ని 14 సార్లు గుణించి చూడండి, 0.49 దగ్గర ఆగుతుంది. అంటే మీ ఫోన్ల వల్ల ఒక్కరికి కూడా లాభం లేకపోయినా సరే, 14 చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట దొరికింది అనిపించే అవకాశం 51 శాతం. రూపాయి బిళ్ల ఎగరేసినట్టే. మీ గుంపుల్లో ఒకే మనిషి రెండు మూడు చోట్ల ఉంటుంది కాబట్టి ఆ 51 కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ మీరు చేసిన పని స్వభావం మారదు.

దీనికి మా క్లాసులో ప్రతి సంవత్సరం చెప్పే కేసు ఒకటుంది. 1988లో లాన్సెట్ పత్రికలో ఐసిస్-2 అనే ట్రయల్ వచ్చింది, గుండెపోటు అనుమానంతో ఆసుపత్రికి వచ్చిన 17,187 మంది. ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా పోయినవాళ్లు ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలో 9.4 శాతం, తీసుకోనివాళ్లలో 11.8 శాతం. ఇంత పెద్ద ట్రయల్లో ఇంత తేడా అంటే రాయి మీద గీసినట్టే. అయినా పత్రికవాళ్లు సబ్‌గ్రూపులు కూడా చూపించండి అని అడిగినారు. ఆ ట్రయల్ లెక్కలు చూసిన రిచర్డ్ పీటో వాళ్ల టీమ్ ఏం చేసిందంటే పేషెంట్ల పుట్టిన తేదీలు ఉన్నాయి కదా, రాశుల ప్రకారం విడగొట్టి అది కూడా అచ్చు వేయించింది. మిథునం, తుల రాశులవాళ్లకి ఆస్పిరిన్ వల్ల కొంచెం నష్టం ఉన్నట్టు వచ్చింది, మిగతా రాశులన్నిటికీ బ్రహ్మాండమైన లాభం! ఏ డాక్టరైనా తుల రాశి పేషెంటుకి ఆస్పిరిన్ ఆపేస్తాడా? 17 వేల మందిని ముక్కలు చేస్తేనే అట్లాంటిది పుట్టుకొచ్చింది, మీ దగ్గర 160 మంది. మీ ఉమ్మడి కుటుంబం అత్త కారణం కూడా రిజల్ట్ వచ్చినాక పుట్టిందే కదా. వేరు కాపురాల్లో వచ్చి ఉంటే, అక్కడ గుర్తు చేసేవాళ్లు లేరు కాబట్టి ఫోన్ పనిచేసింది అని రాసేవాళ్లం. రెండు వైపులకీ కారణం రెడీగా ఉంది అంటే ఆ కారణానికి బలం లేదు అని.

ఇంకొకటి, చాలా థీసిస్‌లలో చూసే తప్పు. 19 మందిలో పీ వాల్యూ 0.03, మిగతా 141 మందిలో 0.4, కాబట్టి వీళ్లలో పనిచేసింది వాళ్లలో పనిచెయ్యలేదు అని రాస్తారు. అట్ల పోల్చకూడదు. గుంపు చిన్నదైనా పీ వాల్యూ మారుతుంది, పెద్దదైనా మారుతుంది. చూడాల్సింది, ఈ 19 మందిలో ఫోన్ వల్ల వచ్చిన తేడా ఎంత, మిగతావాళ్లలో వచ్చిన తేడా ఎంత, ఈ రెండు తేడాల మధ్య తేడా ఎంత. దాన్నే ఇంటరాక్షన్ టెస్ట్ అంటాం. మెయిన్ తేడా ఎంత ఉంటుందనుకున్నారో అంతే సైజు ఇంటరాక్షన్ పట్టుకోవాలంటే దాదాపు నాలుగింతల మంది కావాల, అంటే మీ స్టడీ దానికి సరిపోయే స్టడీ కాదు. అది మీ తప్పు కాదు, మీరు దానికోసం మొదలుపెట్టలేదు కదా.

చేయాల్సిందైతే నా ఉద్దేశంలో: మెయిన్ రిజల్ట్ ఏదొచ్చిందో అదే ముందు పెట్టండి. 14 సబ్‌గ్రూపులూ ఒకే టేబుల్లో పెట్టండి, ఒక్కటి కూడా దాచొద్దు, ఇవి ముందే అనుకున్నవి కావు రిజల్ట్ చూసినాక చేసినవి అని పైన ఒక లైన్ రాయండి. తేడా రాలేదు అన్నది కూడా రిజల్టే, ఆ మూడు నెలల ఎండ వృథా కాలేదు.


కడప_లెక్కల_సార్:

అమ్మా, మీ తమ్ముడు చెప్పింది నిజం, కానీ ఆ రూల్ నీ పనికి తగలదు. నీ పనికి తగిలే రూల్ లెక్కల్లో ఇంకోటి ఉంది. రెండూ చెప్తాను.

వాడు చెప్పే సబ్‌గ్రూప్ అంటే, ఏరి పక్కన పెట్టినవాటిలో ఏ రెండింటిని కలిపినా మళ్లీ ఆ గుంపులోనే పడాల, బయటికి పోకూడదు, వెనక్కి తెచ్చేది కూడా అందులోనే ఉండాల. మీ అనంతపురం టవర్ క్లాక్ ఒకసారి కళ్ల ముందు పెట్టుకో. 12, 3, 6, 9, ఈ నాలుగే తీసుకో. 3కి 6 కలిపితే 9. 9కి 6 కలిపితే 15, అంటే గడియారంలో మళ్లీ 3. ఎన్ని కలిపినా ఈ నాలుగు దాటదు. ఇప్పుడు ఆ నాలుగింటినీ ఒక గంట ముందుకి జరుపు, 1, 4, 7, 10. ఇంకో గంట జరుపు, 2, 5, 8, 11. మూడు ముక్కలు, ముక్కకి నాలుగు, గడియారం మొత్తం అయిపోయింది. ఒక్క అంకె మిగల్లేదు, ఏదీ రెండుసార్లు రాలేదు. లగ్రాంజ్ సిద్ధాంతం అంటే ఇదే, సబ్‌గ్రూప్ సైజు మొత్తం సైజుని శేషం లేకుండా భాగించాల్సిందే, 12లో 5 సైజు సబ్‌గ్రూప్ కోసం ఎంత వెతికినా దొరకదు. అట్లని భాగించే ప్రతి సంఖ్యకీ ఒకటి ఉంటుందని కూడా కాదు, నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల (రెండేసి వస్తువుల చోట్లు సరి సంఖ్యలో మారిస్తే వచ్చే అమరికల) గ్రూప్‌లో 12 ఉన్నాయి, 6 సైజు సబ్‌గ్రూప్ లేదు. ఈ లోకంలో గీత ఎక్కడ పడాలో మనం చెప్పేది ఏమీ ఉండదు, అదే పడి ఉంటుంది, మనం కనుక్కోవాల. అందుకే ఇక్కడ వర్గీకరణ పూర్తి చెయ్యడం కూడా సాధ్యమైంది. పరిమిత సరళ సమూహాలు అని ఉంటాయి, అంటే ఇంకా చిన్నవాటిగా విడగొట్టలేని గ్రూపులు, అన్నీ 18 కుటుంబాల్లోకి వచ్చేస్తాయి, ఏ కుటుంబానికీ చేరనివి 26, అంతే, ఇంకోటి లేదు. 1983లో పూర్తయిందన్నారు, అందులో మిగిలిన పెద్ద ఖాళీ ఒకటి 2004లో పూడ్చినారు. ఆ 26లో పెద్దదాని సైజు 54 అంకెల సంఖ్య. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక నీకు పనికొచ్చేది. ఒక సమితిని మిగలకుండా, కలవకుండా ముక్కలు చెయ్యాలంటే వెనకాల ఒక తుల్య సంబంధం ఉండాల. ఇంటర్లో చదివే ఉంటావు, పరావర్తనం (నేను నాలాంటివాణ్ణే), సౌష్ఠవం (నేను నీలాంటివాణ్ణైతే నువ్వూ నాలాంటిదానివే), సంక్రమణం. మొదటి రెండూ సులువు. మూడోదే మెడ మీద కత్తి. నేను నీలాంటివాణ్ణి, నువ్వు అతనిలాంటిదానివి, అయితే నేనూ అతనిలాంటివాణ్ణే కావాల. పుట్టిన వారం తీసుకో, నీదీ నాదీ బుధవారం, నీదీ అతనిదీ బుధవారం, అయితే నాదీ అతనిదీ బుధవారమే. ఏడు ముక్కలు శుభ్రంగా పడతాయి. అదే దగ్గర వయసు తీసుకో. 24కీ 25కీ తేడా ఏముంది, 25కీ 26కీ ఏముంది, ఇట్ల ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతే 18 ఏండ్ల పిల్లా 40 ఏండ్ల ఆవిడా ఒకటే అయిపోతారు. దగ్గరగా ఉండటం సంక్రమించదు. కాబట్టి దగ్గరితనం మీద గోడ కట్టాలంటే లెక్కలు కట్టిపెట్టవు తల్లీ, మనమే కట్టాల, ఆ గోడ అక్కడే ఎందుకు కట్టినావు అంటే మనమే జవాబు చెప్పాల. నువ్వు 25 దగ్గర కట్టినావు. 24 దగ్గర ఎందుకు కట్టలేదు? 26 దగ్గర కడితే ఆ 0.03 నిలబడుతుందా? చూడు ఒకసారి.

గోడలు ఎన్ని రకాలుగా కట్టొచ్చో కూడా చెప్తాను. కేవలం 10 మందిని గుంపులుగా విడగొట్టే పద్ధతులు 1,15,975. పది మందికే అన్ని. అన్ని దారులుంటే కోరుకున్నదాని దగ్గరికి చేర్చే దారి ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది.


పల్లె_ఏఎన్ఎం:

చెల్లీ నేను నీ అంత చదువుకోలేదు, 19 ఏండ్లుగా సబ్‌సెంటర్లో చేస్తాండా, మా వైపు కూడా అనంతపురమే. సార్ గోడ అన్నారు కదా ఆ మాట నాకు బాగా అర్థమయింది ఎందుకంటే మేం రోజూ గోడల మధ్యనే పని చేసేది.

మా దగ్గర మాత్రల రంగే ఒక గోడ. 5 నుంచి 9 ఏండ్ల పిల్లోల్లకి గులాబీ మాత్ర వారానికి ఒకటి, బడిపిల్లోల్లు 10 నుంచి 19 వాళ్లకి నీలం వారానికి ఒకటి, గర్భిణీలకి ఎర్రది రోజుకొకటి 180 రోజులు, ఐదేండ్ల లోపు పసిపిల్లోల్లకి వారానికి రెండుసార్లు సిరప్. ఈ గుంపులు ఎవురో కూర్చుని ఊరికే చేసినవి కాదు, ఒక్కో గుంపుకి ఇయ్యాల్సిన డోసు వేరే కాబట్టి చేసినారు. రక్తంలో కూడా అంతే, గర్భిణీకి 11కి తగ్గితే రక్తహీనత, 10 నుంచి 10.9 తక్కువ రకం, 7 నుంచి 9.9 మధ్య రకం, 7కి తగ్గితే ఇంక మా చేతిలో లేదు పెద్దాసుపత్రికి పంపాల్సిందే. గీత దాటితే నేను చేసే పని మారుతాది, అందుకే ఆ గీత. నువ్వు చేసిన 25 ఏండ్లు తొలికాన్పు ఉమ్మడి కుటుంబం గుంపు చూస్తే నాకు వచ్చిన డౌట్ ఏందంటే, సరే వాళ్లకి ఫోన్ పనిచేసింది అనుకుందాం, మరి మిగతావాళ్లకి ఫోన్ చెయ్యొద్దని నాకు చెప్తావా? చెప్పలేవు కదా.

గీత దగ్గర ఉండేవాళ్ల సంగతి కూడా రాసుకో. మొన్న ఒక పాప వచ్చింది, కడుపుతో ఐదో నెల, వేలికి సూది పొడిచి మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క స్ట్రిప్ మీద పెట్టినా, 10.8 చూపించింది. పాప భయపడుతాంటే ఇంకో వేలికి తీసినా, 11.2. పాప అదే, మిషన్ అదే, మధ్యలో రెండు నిమిషాలు. నేను ఏ గుంపులో రాయాల? రిజిస్టర్లో రెండూ రాసి 15 రోజులకి మళ్లీ రమ్మని చెప్పినా.

ఇంకోటి అడుగుతా ఏమనుకోవద్దు. నువ్వు ఫోన్ చేసినావు కదా, ఆ ఫోన్ ఎవురి దగ్గర ఉంటాది? మా ఊర్లల్లో సగం ఇండ్లల్లో కోడలికి సొంత ఫోన్ ఉండదు. మొగుడు బెంగళూరుకి పనికి పోతాడు ఫోన్ ఆయనతోనే పోతాది, నువ్వు చేసిన ఫోన్ ఆయన అక్కడ ఎత్తి చెప్తాలే మేడం అని పెట్టేస్తాడు. రాత్రికి చెప్పినాడో లేదో ఎవురికి తెలుసు. నేనైతే ముందు అది చూసి గుంపులు చేస్తా, తన చేతిలో ఫోన్ ఉండేవాళ్లు, లేనివాళ్లు.


అనంత_నర్సింగ్:

అక్కా, మీరు చెప్పింది చదివి రాత్రే రిజిస్టర్ తీసి కూర్చున్నా. మొదటి రోజు 160 మందివీ నంబర్లు తీసుకునేటప్పుడు పక్కన సొంతమా, భర్తదా, అత్తదా అని రాసుకున్నా, ఫోన్ ఎత్తినప్పుడు ఎవరిని అడగాలో తెలియడానికి అంతే, అది డేటా అని కూడా అనుకోలేదు. ఇప్పుడు దాని మీద సబ్‌గ్రూప్ చెయ్యొచ్చా? లేకుంటే ఎన్ని ఫోన్లు ఎత్తినారు అనే లెక్క కూడా ఉంది, అది ఇంకా బాగుంటుందేమో? సార్, 24 దగ్గరా 26 దగ్గరా గోడ మార్చి చూసినా, రెండుచోట్లా 0.05 దాటిపోయింది. చూసి మనసు తేలికైంది, ఏడుపూ వచ్చింది.

ఇంకొకటి స్టాట్స్ అన్నా, మొదట్లో 7 నుంచి 9.9 ఉన్నవాళ్లకి హిమోగ్లోబిన్ బాగా పెరిగింది, మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ. ఇది నిజమైన సబ్‌గ్రూప్ ఎఫెక్టే కదా?


స్టాట్స్_కర్నూలు:

ముందు ఆ 7 నుంచి 9.9 సంగతి. పెరగడం చూడొద్దు. ఫోన్ చెయ్యని 80 మందిలో కూడా మొదట్లో అంతే తక్కువ ఉన్నవాళ్లు ఉంటారు కదా, వాళ్లకెంత పెరిగిందో చూడండి. దాదాపు అంతే పెరిగి ఉంటుందని నా అంచనా. తక్కువ ఉన్నవాళ్లకి ఐరన్ ఎక్కువ పడుతుంది అనేది ఒకటి, రెండోది అక్క చెప్పిన 10.8, 11.2 సంగతే. ఆ రోజు మిషన్ కొంచెం తక్కువ చూపించినవాళ్లు కూడా మీ తక్కువ గుంపులోకి వచ్చి పడతారు, వాళ్లకి రెండోసారి చూస్తే మందు లేకున్నా పైకి వస్తుంది. గాల్టన్ అనే పాత శాస్త్రవేత్త కాలం నుంచి తెలిసిన విషయమే, సగటు వైపు జారడం అంటాం.

ఎన్ని ఫోన్లు ఎత్తినారు అనేదాని మీద మాత్రం విడగొట్టొద్దు, దయచేసి. అది చీటీలు తీసినాక జరిగింది. ఫోన్ ఎత్తే ఆవిడ ఎట్లాగూ మాత్ర వేసుకునే ఆవిడే అయి ఉండొచ్చు. కొలెస్ట్రాల్ మందు మీద కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అని ఒక పెద్ద ట్రయల్ జరిగింది, 1980లో ఈ విషయం బయటపెట్టినారు. ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలోనే, సరిగ్గా వేసుకున్నవాళ్లలో ఐదేళ్లలో పోయినవాళ్లు 15 శాతం, సరిగ్గా వేసుకోనివాళ్లలో 28 శాతం. ఉత్తుత్తి మాత్ర ప్రాణం కాపాడదు కదా. చెప్పినట్టు వేసుకునే మనిషే వేరే రకం మనిషి.

అక్క చెప్పిన ఫోన్ ఎవరిది అనేది మాత్రం వేరే. అది మొదటి రోజే, చీటీ తీయకముందే రాసుకున్నది, పైగా కారణం రిజల్ట్ చూసి పుట్టింది కాదు, ఊరు తెలిసిన మనిషి నుంచి వచ్చింది. చెయ్యండి, ఇంటరాక్షన్ టెస్టుతోనే చెయ్యండి. కానీ ఇది 15వది, ఇది కూడా తర్వాత చేసిందే అని రాయాల. ఏది వచ్చినా తీర్పులాగా రాయకుండా తర్వాత ఎవరైనా చేసే స్టడీకి ప్రశ్నలాగా రాయండి.

వయసు గురించి కూడా ఒక మాట. 25 పైన, 25 కింద అని ఎందుకు కోయడం, వయసుని వయసుగానే మోడల్లో పెట్టొచ్చు కదా. మా మామవాళ్లకి చీనీ (బత్తాయి) తోట ఉంది, చిన్నప్పుడు ఆయనతో అనంతపురం మార్కెట్‌కి పోయేవాణ్ణి. కాయలు కింద పోసి చేత్తో పట్టి చూసి పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప వేసేవాళ్లు. పెద్ద కుప్పలో అన్నిటికన్నా చిన్న కాయా, చిన్న కుప్పలో అన్నిటికన్నా పెద్ద కాయా తీసి పక్కపక్కన పెట్టి చూసినా ఒకరోజు, తేడా కనుక్కోలేకపోయినా, రేటు మాత్రం వేరే. వ్యాపారానికి అట్ల కోయక తప్పదు, రెండు రేట్లే ఉంటాయి కాబట్టి. కొలిచిన అంకె చేతిలో ఉన్నప్పుడు రీసెర్చికి ఆ అవసరం లేదు. సరిగ్గా మధ్యలో కోసి రెండు ముక్కలు చేస్తే డేటాలో మూడో వంతు పారేసినంత నష్టం అని ఆల్ట్‌మన్, రాయ్‌స్టన్ అనే స్టాటిస్టిక్స్‌వాళ్లు 2006లో బీఎంజే అనే మెడికల్ పత్రికలో రాసినారు. అంటే మీ 160 మందిలో యాభై మంది ఇండ్లకి ఎండలో పోయింది గాలికి పోయినట్టే.


ప్రొద్దుటూరు_డాక్టర్:

పైన అందరూ చెప్పింది కరెక్టే కానీ చదివినవాళ్లకి సబ్‌గ్రూప్ అంటేనే తప్పు అనిపించకూడదు, అందుకే రాస్తున్నా. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 పాజిటివ్ అని ఒక రకం ఉంది, సుమారు ఐదారుగురిలో ఒకరికి. ట్రాస్టుజుమాబ్ అనే మందు ఆ రకానికే పనిచేస్తుంది, 1998 నుంచి వాడుతున్నారు. అందరినీ ఒకే గంపలో వేసి చూసి ఉంటే లాభం పలచబడిపోయి, మందు పనిచెయ్యదని పక్కన పెట్టేవాళ్లేమో. అక్కడ తేడా ఏంటంటే ముందు కణం మీద హెర్2 అనే ప్రోటీన్ కనుక్కున్నారు, దాన్ని పట్టుకునే మందు తయారు చేసినారు, ఆ రకంవాళ్లలోనే ట్రయల్ పెట్టినారు. గోడ ముందు, రిజల్ట్ తర్వాత. ఆస్పిరిన్‌దే ఇంకో ముచ్చట ఉంది, 1978లో కెనడా ట్రయల్లో పక్షవాతం ఆపడానికి ఆస్పిరిన్ మగవాళ్లకే పనిచేస్తుంది ఆడవాళ్లకి కాదు అని వచ్చింది. తర్వాత ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే ఆడవాళ్లకీ పనిచేస్తుందని తేలింది. మధ్యలో ఎంతమంది ఆడవాళ్లకి ఆ మాత్ర రాయకుండా ఉన్నారో అని తలుచుకుంటే బాధేస్తుంది. గోడ తప్పు చోట కడితే అటువైపు నిజమైన మనుషులు ఉంటారు.

షుగర్ గురించి అడిగావు కదమ్మా. 2018లో స్వీడన్‌వాళ్లు కొత్తగా షుగర్ వచ్చిన 8,980 మందిని ఆరు కొలతలతో, అంటే షుగర్ బయటపడిన వయసు, బరువు లెక్క బీఎంఐ, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, ఇన్సులిన్ కణాల మీద ఒళ్లే దాడి చేస్తోందని చూపే గ్యాడ్ యాంటీబాడీలు, ఇన్సులిన్ ఎంత ఊరుతోంది, ఎంత పనిచేస్తోంది, వీటితో ఐదు గుంపులు చేసినారు. ఇన్సులిన్ బాగా తగ్గిన గుంపుకి కంటి జబ్బు ఎక్కువ, ఇన్సులిన్ ఉన్నా పనిచెయ్యని గుంపుకి కిడ్నీ జబ్బు ఎక్కువ వచ్చింది. 2020లో మన దేశంలో చేస్తే నాలుగు గుంపులు వచ్చినాయి, అందులో రెండు మనకే ప్రత్యేకం. మనవాళ్లకి పెద్ద లావు లేకుండానే చిన్న వయసులో షుగర్ రావడం నేను రోజూ చూస్తున్నా కాబట్టి ఈ పని నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. కానీ కంప్యూటర్ విడగొట్టింది అనగానే ప్రకృతే విడగొట్టినట్టు అనుకోవద్దు. కే-మీన్స్ అనే ఆ పద్ధతికి ఐదు అడిగితే ఐదు ఇస్తుంది, ఏడు అడిగితే ఏడు. లోపల నిజంగా గుంపులు లేకపోయినా కోసి ఇస్తుంది. 2019లో ఇంగ్లండ్‌వాళ్లు చూస్తే, ఏ పేషెంటుకి ఏ మందు బాగా పడుతుందో, ఎవరికి షుగర్ తొందరగా ముదురుతుందో చెప్పడానికి ఈ గుంపుల పేర్లకన్నా ఆ మనిషి బీఎంఐ, వయసు, హెచ్‌బీఏ1సీ లాంటి అంకెలే నేరుగా వాడితే మెరుగ్గా ఉంది. లెక్కల సార్ చెప్పిన దగ్గరితనమే ఇక్కడా.

ఏఎన్ఎం అమ్మకి ఒక విషయం. ఐదో నెల పాప అన్నారు కదా, 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త గైడ్‌లైన్‌లో నాలుగు నుంచి ఆరు నెలల మధ్య గీత 10.5కి దించింది, ఆ నెలల్లో రక్తం పలచబడటం మామూలే కాబట్టి. మనకి మాత్రం మన ప్రోగ్రామ్‌లో ఏముంటే అదే పాటించండి, ఇక్కడ చూసి మార్చొద్దు. మళ్లీ రమ్మని చెప్పినారు చూడండి, అది చాలా మంచి పని.


పల్లె_ఏఎన్ఎం:

థాంక్యూ సార్. మాకు ఇంకా 11 అనే చెప్తాండారు, మీటింగ్‌లో అడుగుతా. ఆ పాప మళ్లీ వచ్చింది, 11.1. మాత్రలు మాత్రం వదలొద్దని చెప్పి పంపించినా.


అనంత_నర్సింగ్:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇయ్యాల గైడ్ దగ్గరికి పోయినా. 14 సబ్‌గ్రూపుల టేబుల్, దాని కింద 0.95ని 14 సార్లు గుణించిన లెక్క చేత్తో రాసి పెట్టినా. మొదట కోపంగానే చూసినారు, రాశుల సంగతి చెప్తే మాత్రం ఆ పేపర్ తీసుకురా చదువుతా అన్నారు. హెడ్డింగ్ పాతదే ఉంచమన్నారు. టేబుల్ మొత్తం పెట్టడానికి ఒప్పుకున్నారు.

తక్కువ రక్తం ఉన్నవాళ్ల సంగతి అన్న చెప్పినట్టే అయింది, ఫోన్ చెయ్యనివాళ్లలో కూడా అంతే పెరిగింది.

ఫోన్ ఎవరిది అనే కాలమ్ ఎక్కించడం మొదలుపెట్టినా, ఇంకా సగం కూడా కాలేదు, టెస్ట్ మొత్తం ఎక్కించినాకే చేస్తా, మధ్యలో చూడను. కానీ ఎక్కిస్తా ఉంటే కనపడుతాంది కదా అక్కా, పేజీ పేజీకీ భర్త, భర్త, మామ, భర్త, పక్కింటివాళ్లు. ఒకచోట నా రాతతోనే ఉంది, సాయంత్రం 7 తర్వాత చెయ్యాల, ఫోన్ అప్పుడే ఇంటికి వస్తుంది అని. నేను మూడు నెలలూ ఆమెకి పొద్దున 11కి చేసినా.